సగటూరు నీళ్లు

కమలం అన్నా తామర అన్నా ఒకటే. అయితే తామరలో రెండు రకాలున్నాయి. చెరువులో పూసేది ఒకటి, చర్మం మీద పూసేది ఒకటి. డాక్టర్ కమలనాథ్ రెండో రకమని పరాంకుశం తేల్చుకుని ఏడాది దాటింది. ఏడాదిగా గోక్కుంటూనే ఉన్నాడు. ఇవాళ మందు దొరికింది. ఆ మందు ఒక స్టీలు గ్లాసులో మూత పెట్టుకుని ఫ్రిజ్జు పై అరలో కూర్చుంది.

"గ్లాసు జాగ్రత్తండీ పరాంకుశం గారూ," అన్నాడు కమలనాథ్ ప్రయోగశాల గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ. "అదే ఆఖరిది. రేపు పొద్దున్న నేనే కుర్చీలో కూర్చుంటాను. కంపెనీ అమ్మేశాక ఈ రాజమండ్రి ఉక్కలో నాకేం పని? కూనూరులో ఇల్లు చూసుకున్నాను."

"కూనూరంటే కూనల ఊరు కదండీ. మీలాంటి పులికి సరిపోతుందా?"

"మీ జోకులకి ఇన్నాళ్లూ జీతమిచ్చింది నేనే. రేపటితో జోకూ బందు, జీతమూ బందు," అని నవ్వాడు కమలనాథ్. ఆయన నవ్వితే పళ్లన్నీ కనపడతాయి, మనిషి మాత్రం కనపడడు.

గోదావరి గట్టు వెనక వీధిలో మేడ మీద ఉన్న ఆ ప్రయోగశాల పేరు 'ఊరట'. పేరు పెట్టింది పరాంకుశమే. మకాం మార్చేవాళ్లు ఎక్కువమంది మాటలు నమ్మి మారుస్తారు. ఫలానాది మంచి ఊరట, అద్దెలు తక్కువట, బళ్లు బావుంటాయట. ఊరు అట అనుకుంటూ వెళ్లి, ఉరి అట అనుకుంటూ తిరిగొస్తారు. అలాంటివాళ్లకి నిజంగా ఊరట కలిగించే యంత్రం అది. చూడ్డానికి పళ్ల డాక్టరు కుర్చీలా ఉంటుంది. కూర్చున్నవాడి పొట్ట మీద మెత్తటి పట్టీ కడతారు. చెవులకి ఒక ఊరి చప్పుడు, ముక్కుకి ఆ ఊరి గాలి, నాలిక మీద ఆ ఊరి కుళాయి నీళ్లు ఒక చెంచా. గోడ అరల్లో నలభై ఊళ్ల నీళ్లు సీసాల్లో, మెడలో పేర్లు వేసుకుని నిలబడి ఉంటాయి. ముందు మనిషిని అడుగుతారు, కొత్త ఊళ్లో నీకేం కావాలని. తర్వాత పొట్టనడుగుతారు. నోరు బడాయి పోతుంది, పొట్ట పోదు. ఎదురుగా ఉన్న మీటరులో ముల్లు కదిలి అసలు సంగతి చెప్పేస్తుంది. ప్రశ్నలు రాసేదీ అడిగేదీ ముల్లు చదివేదీ పరాంకుశం.

ఒకసారి రిటైరైన బ్యాంకు మేనేజరొకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రశాంతత కావాలన్నాడు, పచ్చదనం కావాలన్నాడు, పలకరించని పొరుగు కావాలన్నాడు. కొండ ఊళ్ల నీళ్లన్నీ పోసినా ముల్లు నిద్రలేవలేదు. బెజవాడ సీసా వంచి, బస్టాండు గోల చెవిలో పెట్టేసరికి ముల్లు గంతేసింది.

"నాకు తెలుసండీ," అంది భార్య. "ఈయనకి ఎవరో ఒకరు అరవకపోతే నిద్రపట్టదు. ముప్పై ఏళ్లుగా ఆ పని నేనే చేస్తున్నాను."

ఊళ్లను పోల్చాలంటే కొలబద్దలాంటి ఊరొకటి కావాలి. అందుకని అన్ని సీసాల్లోంచీ ఒక్కో చెంచా తీసి ఒక జాడీలో కలిపేవాళ్లు. అన్ని ఊళ్ల చప్పుళ్లనీ గాలుల్నీ కూడా అలాగే కలిపేవాళ్లు. అది సగటు ఊరు కాబట్టి పరాంకుశం దానికి సగటూరు అని నామకరణం చేశాడు. అక్కడ ఎండ సగం, వాన సగం. బస్సు సగం ఆలస్యం. పక్కింటావిడ సగం మంచిది, మిగతా సగం సాయంత్రం తెలుస్తుంది. అరలో ఉన్న ప్రతి ఊరూ అందులో ఒక చెంచా ఉంది. ఆ ఊరు మాత్రం దేశంలో ఎక్కడా లేదు.

ఇంతవరకూ ఉంటే ఊరట మంచి వ్యాపారమే. ఊరు చెప్పి పంపేస్తే గొడవ లేదు. కమలనాథ్ అక్కడ ఆగలేదు.

ఊరు మారినవాణ్ణి తెలుగువాళ్లు మొదట అడిగేది జీతమెంతని కాదు, నీళ్లు పడ్డాయా అని. బోరులో నీళ్లు పడితే భూమి అదృష్టం, ఒంటికి నీళ్లు పడితే మనిషి అదృష్టం. ఈ మాట పరాంకుశం ఒకనాడు టీ తాగుతూ అన్నాడు. కమలనాథ్ నవ్వలేదు, రాసుకున్నాడు. రాసుకుని, గువాహటి నుంచి గాంధీధామ్ దాకా ఏ ఊరి నీళ్లు తాగినా తుమ్మైనా తుమ్మని వీర్రాజు అనే లారీ డ్రైవర్ని పట్టుకొచ్చాడు. వీర్రాజు కడుపులో ఉన్న సూక్ష్మజీవుల్ని గాజుగిన్నెలో పెంచాడు. తెల్లగా, పల్చగా, మజ్జిగ తేటలా తయారైంది. ప్రయోగశాలలో అందరూ దాన్ని తోడు అనేవాళ్లు. పాలల్లో తోడేస్తే పెరుగు పేరుకుంటుంది. ఏ ఊరి నీళ్లలో ఈ తోడు కలుపుకుని తాగితే మనిషి ఆ ఊళ్లో పేరుకుంటాడు. ఆ ఊరి గాలే గాలి, ఆ ఊరి కూడే కూడు. మిగతా ఏ ఊరి నీళ్లూ ఇక పడవు, పుట్టిన ఊరివైనా సరే. మళ్లీ ఇంకోసారి తోడు తాగితేనే పాత ఊరు కొట్టుకుపోయి కొత్త ఊరు నిలుస్తుంది.

దీన్ని కొనడానికి వచ్చినవాళ్లు మకాం మార్చుకునే మామూలు జనం కాదు. మనుషుల్ని బదిలీ చేసే పెద్ద కంపెనీలవాళ్లు. గుమాస్తాను ఎక్కడ పారేసినా అక్కడే ఆనందంగా పడి ఉంటే అంతకంటే ఏం కావాలి? అయితే కళ్లారా చూస్తేగాని నమ్మమన్నారు.

వాళ్లు వచ్చిన రోజు పరాంకుశం భార్య సత్యవేణి ప్రయోగశాలకి పులిహోర తెచ్చింది. అందరికీ వడ్డించి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటోంది.

"ఏమ్మా, మీరిద్దరూ ఇలా నిలబడండి," అన్నాడు కమలనాథ్ రెండు గ్లాసులు చేతికిస్తూ. "ఫొటో కోసం. మంచినీళ్లే. దంపతులు తాగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది."

దంపతులు తాగారు. పరాంకుశం గ్లాసులోది రాజమండ్రి నీళ్లు, తోడుతో. సత్యవేణి గ్లాసులోది నాసిక్ నీళ్లు, తోడుతో. ఒకే ఇంటివాళ్లు, ఒకే తిండివాళ్లు. తేడా వస్తే తోడు వల్లే వచ్చినట్టు. వచ్చినవాళ్లకి అలా వివరించి చెప్పాడట తర్వాత. దంపతులకి మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం సత్యవేణి తను వండిన వంకాయ కూర నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "ఇందులో బురద కలిసిందండీ," అంది. బురద కూరలో లేదు. బిందెలో, గాలిలో, దిండులో, మొగుడి చొక్కాలో, అంతటా ఆమెకి అదే వాసన. పుట్టి పెరిగిన ఆర్యాపురం వీధిలో నిలబడి, ఇది ఏ ఊరండీ అని అడిగేది. మనిషి చీపురుపుల్ల అయిపోయింది. ఆవిడ గ్లాసులో కలిపింది నాసిక్ నీళ్లట, ఒక్కసారి తీసుకెళ్లి చూడండి అని ప్రయోగశాలలో ఎవరో చెబితే పరాంకుశం ఆమెను నాసిక్ రైలెక్కించాడు. అక్కడ స్టేషన్లో కుళాయి తిప్పి దోసిట్లో నీళ్లు పట్టి తాగింది. ఏడ్చింది. ఆకలేస్తోందంది.

గోదావరి నాసిక్ పక్కన పుట్టి రాజమండ్రి దాకా వస్తుంది. సత్యవేణి రాజమండ్రిలో పుట్టి నాసిక్ దాకా పోయింది. నది కిందికి, నాతి మీదికి.

ఆమెతో ఉండిపోదామని పరాంకుశం అనుకున్నాడు. కానీ అతని కడుపులో రాజమండ్రి పేరుకుని ఉంది. సత్యవేణి కొసరి కొసరి పెట్టిన అన్నమంతా ఆమె వాకిట్లోనే కక్కాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ కక్కాడు. మూడోసారి ఊళ్లోకి అడుగు పెట్టకుండానే, మన్మాడ్ దాటేసరికి, బండిలోనే మొదలైంది.

పోలీస్ స్టేషన్లో హెడ్డుగారు అంతా విని మీసం సవరించుకున్నాడు. "మంచినీళ్లిచ్చినోడి మీద కేసేంటండీ బాబూ. ఇవ్వనోడి మీదైతే రాద్దును. ఆయ్."

కమలనాథ్ ఇంకా మర్యాదగా చెప్పాడు. "ఇంకో రెండు గుటకలివ్వమంటే ఎలాగండీ, ప్రతి చుక్కా అమ్ముడైపోయింది. అయినా మీ ఆవిడ అక్కడ సంతోషంగానే ఉన్నారుగా. సంతోషం మీద కేసు పెడతారా?"

ఆ రోజే మానేసి వెళ్లిపోవచ్చు పరాంకుశం. మానలేదు. శత్రువు సీసాల దగ్గర జీతం తీసుకుంటూ నిలబడే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

తర్వాత సంగతులు వాటంతటవే జరిగాయి. వీర్రాజు గుండె ఆగి పోయాడు. కంపెనీ కొన్నవాళ్లు శుభ్రత కోసమని, తమ గోదాములో ఉన్న తోడు డబ్బాలన్నిటినీ కుతకుతా మరగబెట్టారు. పాలు మరగబెట్టాలి గాని తోడు మరగబెడితే ఏం మిగులుతుంది? ఆ సంగతి కొన్నవాళ్లకి ఇంకా తెలియదు, అమ్మినవాడికి తెలిసిపోయింది. కూనూరు తొందర అందుకే. రాజమండ్రిలో మిగిలింది ఒక్క గ్లాసు. దాన్ని మళ్లీ తోడేసి పెంచుదామని చూశారు, పేరుకోలేదు. ముసలి తోడు. ఒక్క మనిషికి, ఒక్కసారికి.

కమలనాథ్ చెప్పులు తొడుక్కుని వెళ్లిన ఆ మధ్యాహ్నమే సత్యవేణి ఫోన్ చేసింది. నాసిక్ వచ్చే తెలుగు యాత్రికులకి ఆమె అక్కడ భోజనాలు పెడుతోంది. పప్పూ గోంగూరా వాసన చూసి జనం గుడి కంటే ముందు ఆమె దగ్గరికే వస్తున్నారట.

"తిన్నారా?"

"వంకాయ కూర. వంకాయకి వంక పెట్టడానికి నువ్వు లేవు."

"గొంతు తేడాగా ఉంది. ఏమైంది?"

పరాంకుశం గ్లాసు సంగతి చెప్పాడు. అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇంకేంటండీ ఆలోచన? నాసిక్ సీసా ఆ అరలోనే ఉంటుందిగా. కలుపుకుని తాగేసి రైలెక్కండి."

"తాగేస్తే వాడికి శిక్షేదే?"

"కూనూరు దక్కదుగా."

"దక్కకపోవడమేంటి? అందరిలాగే వెళ్తాడు. నాలుగు రోజులు జలుబు చేస్తుంది, సర్దుకుంటాడు. మనకి చేసినదానికి జలుబా?"

"నాకు మాత్రం కోపం లేదనుకుంటున్నారా? పొద్దున్నే పప్పు రుబ్బుతాను, అందులో వాణ్ణి కూడా వేసి రుబ్బుతాను. గారెలు మెత్తగా వస్తున్నాయని అందరూ మెచ్చుకుంటున్నారు." నవ్వబోయి మానేసింది. "ఇక్కడ నాకు బావుందండీ. ఇది వాడు పోసిన బాగో, నేను సంపాదించుకున్న బాగో తేల్చుకోలేక మొదట్లో బుర్ర బద్దలైపోయేది. ఇప్పుడు తేల్చుకోవడం మానేశాను. మీరొక్కరు లేరంతే. ఈ వయసులో ఫోన్లో కాపురం ఎన్నాళ్లు చేస్తాం? రేపు ఆ గ్లాసు తాగి రండి. రాకపోతే అలగను. ఇంకెప్పుడూ రమ్మని మాత్రం అడగను."

"వస్తాను," అన్నాడు పరాంకుశం. అన్నప్పుడు నిజమే.

మర్నాడు పెందలాడే వెళ్లి, గ్లాసు ఖాళీ చేసి, కమలనాథ్ వచ్చేసరికి గోదావరి స్టేషన్లో ఉండాలని అతని లెక్క. మెట్లెక్కేసరికి తలుపు తీసి ఉంది. కమలనాథ్ అప్పటికే కుర్చీలో పడుకుని పొట్ట మీద పట్టీ తనే కట్టుకుంటున్నాడు.

"రండి. పదకొండుకి కారొస్తుంది. త్వరగా కానిద్దాం."

"కూనూరని మీరే తేల్చేశాక ఇంక పరీక్షెందుకండీ?"

"నా యంత్రంలో నేను ఒక్కసారీ కూర్చోలేదు. వెళ్లేముందు కూర్చోవాలనిపించింది."

పరాంకుశం గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. నాసిక్ సీసా తెచ్చి దాని పక్కన పెట్టాడు. ఇప్పుడైనా ఒక్క వంపు, ఒక్క గుటక. కుర్చీలో కట్లతో ఉన్నవాడు లేచొచ్చేలోపు అయిపోతుంది. చెయ్యి గ్లాసు దాకా వెళ్లింది. కానీ నోటికి అలవాటైన ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది.

"కొత్త ఊళ్లో మీకు మొదట కావాల్సిందేంటండీ?"

"నిశ్శబ్దం."

"తర్వాత?"

"చలి."

"ఆ తర్వాత?"

"నాకు తెలిసినవాళ్లు ఉండకూడదు."

"మీకు తెలిసినవాళ్లా, మీ సంగతి తెలిసినవాళ్లా?"

"అడగాల్సినవే అడగండి."

చెంచా తర్వాత చెంచా పోస్తూ వెళ్లాడు పరాంకుశం. కూనూరుకి ముల్లు బద్ధకంగా ఒళ్లు విరుచుకుంది, అంతే. ఊటీకి లేవలేదు. మైసూరుకి కాస్త కదిలింది. అరలో చివర, వంతెన అవతలి ఊరిది ఒక సీసా ఉంది. సరిచూసుకోవడానికి పెట్టుకున్నదది. వరస తప్పకూడదని దాన్నీ వంచాడు. ముల్లు లేచి అంచుకి కొట్టుకుంది. కొట్టుకుని అక్కడే నిలబడి వణికింది. అంత చలనం ఏ పొట్టలోనూ, ఏ ఊరికీ పరాంకుశం చూడలేదు.

కళ్లు మూసుకున్న కమలనాథ్ ముఖం కుర్రవాడి ముఖంలా అయింది. "ఇది ఏ ఊరు?"

"కొవ్వూరండీ."

బెంగుళూరులో పుట్టానని అందరికీ చెప్పుకునే మనిషి కళ్లు తెరవకుండానే చెప్పాడు. "గోష్పాద రేవు పక్క సందులో మా ఇల్లు. చిన్నప్పుడు లావుగా ఉండేవాణ్ణి. బళ్లో 'కొవ్వూరు కొవ్వు' అని పిలిచేవాళ్లు. మాస్టారు కూడా. ఇంక ఆ ఊరి పేరు నోటితో అననని ఒట్టేసుకున్నాను." పొట్ట మీద పట్టీ సర్దుకున్నాడు. "ఆ సంగతి ఇక్కడితో వదిలెయ్యండి. కూనూరే పొయ్యండి."

పరాంకుశంకి ఒక్క క్షణం జాలి లాంటిదేదో కలిగింది. మాటతో మనిషిని కొడితే ఎంత లోతున తగులుతుందో అతనికి తెలియంది కాదు. కొవ్వూరు పోసేస్తే? వంతెన దాటి వెళ్లి వాడి రేవులో వాడు పడి ఉంటాడు. లేదా ఏదీ పొయ్యకుండా తనే తాగేస్తే? రెండూ మంచి పనులే. మంచి పని చేసేముందు ఒక సంగతి తెలుసుకుంటే మనసు తేలికవుతుందనిపించింది.

"ఒక్కటడుగుతానండీ. మా వేణికి నాసిక్కే ఎందుకు ఎంచారు?"

ఏదో ఒక కారణం ఉండి ఉంటుందని అతని ఆశ. గోదావరి ఒకటేననో, అక్కడి గాలి ఆడవాళ్లకి మంచిదనో. ఏదైనా. ఎంత దుర్మార్గమైన కారణమైనా కారణమే.

"ఎంచడమేంటి?" అన్నాడు కమలనాథ్ నిజంగానే ఆశ్చర్యపోయి. "చేతికందిన సీసా అది. పక్కది అంది ఉంటే పాట్నా అయ్యేది. మీరింకా దాని గురించే ఆలోచిస్తున్నారా?"

పాట్నా అయితేనేం, నాసిక్ అయితేనేం, పాట్లు మావి, అనుకున్నాడు పరాంకుశం. నాసిక్ సీసాను తీసుకెళ్లి అరలో దాని చోట పెట్టేశాడు. కూనూరు సీసాను ముట్టుకోలేదు. కొవ్వూరు సీసాకి బిరడా బిగించాడు. జాడీ మూత తీసి, గరిటెతో అడుగు నుంచి బాగా కలిపి, గ్లాసు నిండా సగటూరు పోశాడు. చెవుల్లో సగటూరు చప్పుడు పెట్టాడు, ముక్కుకి సగటూరు గాలి పెట్టాడు.

"తాగండి. మంచినీళ్లే."

కమలనాథ్ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "రుచేం లేదే."

"కూనూరు కదండీ. పెరిగే కొద్దీ తెలుస్తుంది."

కారు వెళ్లిపోయాక పరాంకుశం నాసిక్‌కి ఫోన్ చేశాడు. చెప్పాల్సిన మాట మెట్ల మీదే తయారుచేసుకున్నాడు. "వేణీ, వాడి పని సగటయిపోయింది." సగటూరంటే ఏంటో, వాడికి ఇక ఏమవుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చెప్పి నవ్వాడు.

"అయితే గ్లాసులో ఏం మిగల్లేదా?" అంది సత్యవేణి.

"లేదు."

"పప్పు దించాలండీ. మాడిపోతోంది," అంది.

తర్వాత కూడా అతను ఫోన్ చేస్తే ఎత్తేది. తిన్నారా అని అడిగేది. రమ్మని మాత్రం అడగలేదు.

అయినా ఆ మొదటి నెలలు పరాంకుశం బాగా తిన్నాడు. బాగా నిద్రపోయాడు. పగ పండింది, పండు తియ్యగానే ఉంది. కూనూరు నుంచి కమలనాథ్ ఫోన్ వచ్చింది, చలి బావుంది గాని నీళ్లు పడటం లేదని. తర్వాత మైసూరు నుంచి, అక్కడ వీధులు బావున్నాయి గాని గాలి తనది కాదని. భోపాల్ నుంచి, డెహ్రాడూన్ నుంచి, భువనేశ్వర్ నుంచి. ప్రతి ఊళ్లోనూ ఒక్క చెంచాడు తెలిసినట్టుంటుందట, మిగతాదంతా పరాయిదట. "నేను వెతికే ఊళ్లో సాయంత్రం ఎండ మరీ పసుపు కాదండీ, మరీ ఎరుపు కాదు. అదెక్కడో మీకు తెలుసా?" అని అడిగేవాడు. "వెతకండి సార్, దొరుకుతుంది," అనేవాడు పరాంకుశం. ఫోన్ పెట్టేశాక ఆ మాటల్ని చాలాసేపు చప్పరించేవాడు.

ఈలోగా కొన్నవాళ్లు మోసం తెలుసుకుని గొడవపెట్టారు, ఊరట మూతపడింది. కమలనాథ్ కూనూరు ఇల్లు కూడా ఆ గొడవలోనే పోయింది. పాత సామాను కింద అమ్మేస్తుంటే కుర్చీనీ సీసాల్నీ జాడీనీ పరాంకుశం ఆర్యాపురంలోని తన ఇంటి వసారాలోకి తెచ్చుకున్నాడు. ఎందుకంటే చెప్పలేకపోయాడు.

ఒక పొద్దున్న కమలనాథ్ గేటు తీసుకుని వచ్చాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఒంటి మీద వేలాడుతోంది.

"ఆ రోజు నాకేం పోశారు?"

ఈ ప్రశ్న కోసం పరాంకుశం ఎన్ని జవాబులు నూరి పెట్టుకున్నాడో లెక్కలేదు. అన్నీ చెప్పాడు. జాడీ, గరిటె, నలభై చెంచాలు, నాసిక్, పాట్నా. చివరిగా, "అలాంటి ఊరు లేదు, మీకింక ఎక్కడా నీళ్లు పడవు," అన్నాడు. అని, ఎదుటివాడి ముఖం చూడ్డానికి కుర్చీలో ముందుకి జరిగాడు.

కమలనాథ్ ముఖంలో కోపం రాలేదు. "ఊరి పేరేంటన్నారు?"

"సగటూరు."

"సగటూరు," అన్నాడు అతను, చెరుకుముక్క నమిలినట్టు. "సగటూరు. ఆ జాడీ ఉందా?"

అడుగున కొంచెం ఉంది. ఒక్క చెంచా ఇచ్చాడు పరాంకుశం. కమలనాథ్ కుర్చీలో పడుకుని, ఆ చప్పుడు వింటూ, అరగంట పసిపిల్లాడిలా నిద్రపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడు కూడా.

అసలు పగ అప్పుడు మొదలైంది. పరాంకుశం అతన్ని ఎండలో నిలబెట్టేవాడు. చెంచా నోటిదాకా తెచ్చి ఆపేవాడు. మంచి నిద్రలో ఉండగా చప్పుడు ఆపేసి, ఆ ముఖం ఎలా వాడిపోతుందో చూసేవాడు.

"మీది ఏ ఊరు?" అని అడిగేవాడు ప్రతిరోజూ చెంచా ఇచ్చేముందు.

"కొవ్వూరు సార్."

"వినపడలేదు."

"కొవ్వూరు సార్." ఇప్పుడు సార్ అనేది అతను.

సీసాలు అడుగంటాయి. జాడీ నిండాలంటే నలభై ఊళ్ల నీళ్లూ మళ్లీ కావాలి. పరాంకుశం లారీ ఆఫీసుల చుట్టూ తిరిగి, డ్రైవర్లని బతిమాలి, ఒక్కో ఊరి నుంచి ఒక్కో సీసా తెప్పించడం మొదలెట్టాడు. పగ చల్లారకుండా ఉండాలంటే వాడు బతికుండాలి కదా, అని తనకి తనే చెప్పుకున్నాడు. నాసిక్ సీసా వచ్చిన రోజు మూత తీసి ఒకసారి వాసన చూశాడు. కడుపులో తిప్పింది. గబగబా ఒక చెంచా జాడీలో పోసి మిగతాది మూసేశాడు. చెంచా పడ్డ పూట కమలనాథ్ కడుపులో నాలుగు మెతుకులు ఆగుతున్నాయి, అందుకని మధ్యాహ్నం వంట చేసేటప్పుడు బియ్యం ఇంకో గుప్పెడు ఎక్కువ పోశాడు. ఆకలితో ఉన్నవాణ్ణి ఏడిపిస్తే మజా ఏముంది?

వానలు పట్టిన వారంలో ఒకరోజు కమలనాథ్ రాలేదు. అన్నం చల్లారిపోయింది. పరాంకుశం గేటు దాకా వెళ్లి వచ్చాడు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. గొడుగు తీసుకుని ఆర్యాపురం దాటి, గట్టు మీదికి నడిచాడు. రేవులో నీళ్లు ఎర్రగా పొంగి పై మెట్టు దాకా వచ్చి ఉన్నాయి. చూరు కింద టీ కొట్టు నూకరత్నం పొయ్యి ఊదుకుంటోంది.

"రత్నం, మావాడు గానీ ఇటొచ్చాడా?"

ఆమె తలెత్తింది. "మీవోడెవరండీ? మీకు పిల్లల్లేరు గదా. తమ్ముడు గారా?"

"కాదు. సన్నగా ఉంటాడు. తెల్ల చొక్కా. పొద్దున్నే మా ఇంటికొస్తాడు."

"ఏమవుతారండీ మీకు?"

పరాంకుశం చెప్పబోయాడు. గొడుగు మీద వాన గట్టిగా పడుతోంది, అందుకని వినపడలేదేమోనని ఆమె మళ్లీ అడిగింది.

"మావాడు," అన్నాడు అతను. ఊరట నుంచి సగటూరు దాకా అన్ని మాటలూ విరిచినవాడు, ఈ ఒక్క మాటను ఎక్కడ విరవాలో తెలియక, విరవకుండానే అని, నీళ్ల పక్కగా ముందుకు నడిచాడు.